కాంక్రీటులో పగుళ్లు, శబ్ద పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్ల బీములు, స్లాబులు పరీక్షించడం మా పని. సెల్లార్‌లో మెషీన్ పెట్టగానే అసోసియేషన్ వాళ్లు చుట్టూ చేరి అడిగేవాటిలో ఇవి ముఖ్యమైనవి.

అపోహ: సుత్తితో కొట్టి చూస్తే తెలిసిపోతుంది.
సంతలో కుండను కొట్టి చూసినట్టే ఇదీ. ప్లాస్టర్ ఊడినచోట డొల్ల శబ్దం వస్తుంది, నిజమే. బీము లోతుల్లో ఏముందో మాత్రం ఇది చెప్పదు.

అపోహ: అల్ట్రాసోనిక్ రీడింగ్ బాగుంటే కాంక్రీటు బలంగా ఉన్నట్టే.
మెషీన్ కొలిచేది బలాన్ని కాదు, తరంగ వేగాన్ని. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, మంచి కాంక్రీటులో దాదాపు 4 కిలోమీటర్లు వెళ్తుంది. 2018లో ఐఎస్ 516 వచ్చేదాకా అమల్లో ఉన్న 1992 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 ప్రకారం, వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే శ్రేష్ఠం, 3 కంటే తగ్గితే అనుమానించాల్సిందే అనేవారు. కానీ పగుళ్లలో నీళ్లు నిండితే తరంగం సులువుగా దాటిపోతుంది. అందుకే వానలకు నానిన స్లాబు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. తరంగం వెళ్లే దారిలో ఇనుప చువ్వలున్నా అంతే. బలం ఎంతో తెలియాలంటే కోర్ (డ్రిల్‌తో కోసిన గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి పరీక్షించాలి.

అపోహ: ఈ ట్రాఫిక్ హోరులో పగుళ్ల చప్పుడు ఏం వినపడుతుంది?
ఇది అకూస్టిక్ ఎమిషన్ అనే వేరే పరీక్ష గురించి; కాంక్రీటుకు సెన్సర్ బిగించి పగుళ్ల చప్పుడు వినడమే ఆ పరీక్ష. సెన్సర్ వినేది మన చెవికి అందని, సెకనుకు పదుల వేల, లక్షల కంపనాలుండే తరంగాలను. హారన్‌లను ఫిల్టర్ చేసేయొచ్చు. పై అంతస్తులో డ్రిల్లింగ్‌ను మాత్రం ఆపించాల్సిందే. ప్లాస్టర్ చెక్కి, కాంక్రీటుకు గ్రీజు రాసి సెన్సర్ బిగించాక, అది సరిగ్గా అతుక్కుందో లేదో చూడటానికి పక్కనే 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ లెడ్‌ను ఏటవాలుగా నొక్కి విరుస్తాం. తెర మీద గీత నిటారుగా లేవాలి. నీరసంగా వస్తే మధ్యలో గాలి చిక్కుకుందేమో చూసి మళ్లీ బిగిస్తాం.

అపోహ: సెన్సర్‌లో చప్పుడు రాలేదంటే భయం లేనట్టే.
అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఈ పరీక్షలో మేం లోపలికి ఏ తరంగాన్నీ పంపం. పగులు సాగినప్పుడో, దాని అంచులు రాసుకున్నప్పుడో పుట్టే తరంగాన్ని పట్టుకుంటామంతే. సాగని, కదలని పగులు ఎంత పెద్దదైనా చప్పుడు చేయదు. కాబట్టి లోడ్ పెంచుతూ వినాలి. ఒకసారి బరువు మోసిన పదార్థం, అంతకు మించిన బరువు పడేదాకా దాదాపు నిశ్శబ్దంగానే ఉంటుందని జర్మనీకి చెందిన జోసెఫ్ కైజర్ 1950లో చూపించాడు. ఎన్నో ఏళ్లుగా కార్లు మోస్తున్న స్లాబు మీద నాలుగు ఇసుక బస్తాలు పేర్చి ‘చప్పుడు లేదు’ అని రాసిస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు. ఎంత లోడ్ పెట్టారు, స్లాబు ఇదివరకు మోసినదాన్ని అది దాటిందా అని తప్పక అడగండి.

పాత లోడ్‌కు చేరకముందే చప్పుళ్లు మొదలైతే లోపల దెబ్బ ముదిరినట్టు. బస్తాలు దించుతుంటే కూడా ఆగకుండా వస్తుంటే, పగిలిన అంచులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయన్నమాట. అప్పుడు మేం ఇంకో రౌండ్ లోడ్ పెట్టం. కింద ప్రాప్స్ (ఆసరా స్తంభాలు) నిలబెట్టించి, పైన కార్లు తీయించి, ఆ రోజే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవమని చెబుతాం.