బకెట్ పెట్టకుండా నీళ్లు కొలవడం

చిరంజీవులకు,

పైపులో పోయే నీళ్లని బకెట్‌తో పట్టకుండా ఎలా కొలుస్తారని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

నీళ్లు సెకనుకు మీటరు చొప్పున కదులుతున్నాయనుకోండి. మీ ముందు నుంచి సెకనులో మీటరు పొడవున్న నీటి దిమ్మ దాటిపోతుంది. పైపు అడ్డకోత వైశాల్యాన్ని ఆ మీటరుతో గుణిస్తే సరి. పైపు వ్యాసం 10 సెంటీమీటర్లయితే సెకనుకు దాదాపు 8 లీటర్లు. కాబట్టి వేగం దొరికితే చాలు.

1732లో ఆన్రీ పిటో అనే ఫ్రెంచ్ ఇంజినీరు, కింది కొస వంచిన గొట్టాన్ని సెన్ నదిలో ప్రవాహానికి ఎదురుగా ముంచాడు. తోసుకొచ్చే నీరు లోపల ఆగిపోయి పైకెక్కింది. బయటి మట్టం కన్నా 5 సెంటీమీటర్లు ఎక్కితే వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు, అంటే 20 సెంటీమీటర్లు. ఈ లెక్కలోనే ఓ చిక్కుంది: వేగం మీటరులో పదో వంతుకు పడిపోతే, ఎత్తు అర మిల్లీమీటరే! కంటికేం ఆనుతుంది? నెమ్మది నీళ్లకి తిరిగే రెక్కల మీటరో, మన చెవికి వినిపించని శబ్దాన్ని నీళ్లలోకి పంపే అల్ట్రాసోనిక్ మీటరో వాడాలి. రెండోదానిలో శబ్దం ప్రవాహం వాలుకు త్వరగా, ఎదురుకు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాలోనే వేగం ఉంటుంది. పిటో గొట్టం మాత్రం విమానాలెక్కి గాలి వేగం చెబుతోంది.

అసలు తిప్పలు పరికరంతో కాదు, దాన్ని ఎక్కడ పెట్టామన్నదానితో. గోడను ఆనుకున్న నీరు దాదాపు కదలదు, నడిమధ్య నీరు పరుగెడుతుంది. మధ్యలో కొలిచి అదే అంతటా ఉందనుకుంటే లెక్క ఎక్కువొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పైపు వంపు పక్కనే మీటరు పెట్టి, వచ్చిన అంకెను ధీమాగా రాసేశాను. వంపులో నీరు ఒక పక్కకు ఒరిగి సుడులు తిరుగుతుందన్న ధ్యాసే లేదు. మా పెద్దాయన కాగితం చూసి నవ్వి, వ్యాసానికి పది రెట్ల పొడవు తిన్నగా ఉన్నచోట మళ్లీ కొలవమన్నారు. వంపు దగ్గర వేసిన లెక్క ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది.

నదిలోనైతే వెడల్పును ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో పైనుంచి 0.6 వంతు లోతున కొలుస్తారు. సగటు వేగం ఇంచుమించు అక్కడే ఉంటుంది.

పెద్దవాళ్లని తోడు తీసుకెళ్లి, గట్టు మీదే నిలబడి, ఏదైనా కాలువలో ఆకు వదలండి. పది మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి వేగం కట్టండి. దాన్ని 0.85తో గుణించాకే నాకు రాయండి. ఎందుకు తగ్గించాలో కూడా మీరే రాయాలి.

మీ తాతయ్య