కేస్ షీట్ మీద ఎర్ర గుర్తు

శస్త్రచికిత్సకు ముందు చేసే రక్తపరీక్షలో హెచ్‌ఐవీ రియాక్టివ్ (వైరస్ ఉన్నట్టు సూచన) అని తేలగానే కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం, ఆ రోగి వంతును జాబితా చివరికి జరపడం, అతని డ్రెస్సింగ్‌కు మాత్రం రెండు జతల గ్లవ్స్ తొడుక్కోవడం మన ఆసుపత్రుల్లో పాతుకుపోయిన అలవాట్లు. హైదరాబాదులో శిక్షణ పొందిన ఏ సిస్టర్‌ను అడిగినా రోగిని తాకినంత మాత్రాన ఈ వైరస్ సోకదని చెబుతుంది. తెలిసిన విషయం చేతుల దాకా ఎందుకు రావడం లేదన్నదే ప్రశ్న.

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో తొలిసారి ఈ వైరస్‌ను గుర్తించింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో గాని మొదలు కాలేదు. ఆ మధ్యకాలంలో వార్డుల్లో పని నేర్చుకున్నవారు ఎక్కువగా చూసినవి మరణాలే. వారి జాగ్రత్తతోపాటు వారి జంకు కూడా తర్వాతి తరానికి అందిందని నా అభిప్రాయం.

నిజానికి హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు. హెపటైటిస్ సి విషయంలో అది, తరచుగా చెప్పే అంచనా ప్రకారం, వందకు దాదాపు రెండు. హెపటైటిస్ బి అయితే, టీకా వేసుకోనివారికి వందకు ఆరు నుంచి ముప్పై వరకు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో రక్తంలో దాని సంఖ్య విపరీతంగా ఉంటుంది, పరీక్షలో మాత్రం నెగెటివ్ రావచ్చు. ఉస్మానియాలోనో గాంధీలోనో క్రమం తప్పక మందులు తీసుకుంటూ, రక్తంలో వైరస్ లెక్కకు అందనంతగా తగ్గిపోయిన మనిషి నుంచి ప్రమాదం చాలా స్వల్పం. అంటే ఎర్ర గుర్తు తరచుగా తక్కువ ప్రమాదమున్న రోగి దగ్గర భయపెట్టి, గుర్తు లేని రోగి దగ్గర ఏమరుపాటు కలిగిస్తుంది. అందుకే ప్రతి రోగి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడాలన్న సార్వత్రిక నియమం పుట్టింది.

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి పట్ల వివక్షను నిషేధించడమే కాక, సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకోవడంలాంటి ప్రమాదం తర్వాత వైరస్ సోకకుండా వాడే మందులు సమకూర్చే బాధ్యతను కూడా ఆసుపత్రి యాజమాన్యంపై పెట్టింది. ఈ రెండో భాగం గురించి మనం చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. చెత్తబుట్టలో క్యాప్ లేని సూది గుచ్చుకునేది ఎక్కువగా ఆయాలకు, పారిశుద్ధ్య కార్మికులకు. శిక్షణ చివరగా అందేదీ వారికే.

సూది గుచ్చుకున్న వెంటనే ఆ చోటును పిండకుండా సబ్బునీటితో కడిగి, వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకున్న మనిషి, ఏఆర్‌టీ కేంద్రం ముందు నిలబడితే చూసినవాళ్లు ఏమనుకుంటారోనని ఎవరికీ చెప్పకుండా తెల్లవారేదాకా ఆగితే, ఆ రెండు గంటలు అక్కడే దాటిపోతాయి.