గుర్రం చెమటలో సబ్బు

కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా వీధిలో పెళ్ళి ఊరేగింపుకు తెచ్చిన గుర్రానికి మెడ మీదా, వెనక తొడల మధ్యా తెల్లగా నురగ కట్టింది. దిష్టి తగిలిందని ఎవరో ఎర్రనీళ్ళు తిప్పి పోశారు. అసలు ఆ నురగ ఏమిటి?"

అది చెమటేనమ్మా. ఎర్రనీళ్ళ బదులు ఒక బకెట్ మంచినీళ్ళు దాని ముందు పెట్టి ఉంటే ఆ మూగజీవానికి మేలు జరిగేది. అయితే చెమట నురగ ఎందుకు కడుతుంది అన్నది నాకు మహా ఇష్టమైన ప్రశ్న.

గుర్రం వెంట్రుకల మీద పలచటి జిడ్డు ఉంటుంది. వానలో అది మేలే చేస్తుంది, చెమట పట్టినప్పుడు మాత్రం అడ్డొస్తుంది. నీళ్ళు జిడ్డు మీద పరుచుకోవు, బొట్లు కట్టి జారిపోతాయి. అందుకే గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది నీటి తలతన్యతను తగ్గిస్తుంది, అంటే సబ్బు పనే చేస్తుంది. దాంతో చెమట వెంట్రుక మొదలు నుంచి కొసదాకా పాకుతుంది. పగ్గాలు రాసుకునే చోట, తొడలు ఒరుసుకునే చోట రాపిడికి నురగ లేస్తుంది. తన సబ్బు తానే తయారుచేసుకునే జంతువు, ఎంత ముచ్చట!

ఇంత ఏర్పాటు దేనికంటే, గుర్రం నడిచే కొలిమి. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుకు మించి కదలికగా మారదు, మిగతాదంతా వేడే. ఆ వేడి బయటికి పోయే దారి చర్మం. మనిషికి సుమారు 40 కిలోల బరువుకు ఒక చదరపు మీటరు చర్మం ఉంటే, గుర్రానికి 100 కిలోలకు ఒక చదరపు మీటరే. అందుకని ఎండలో గట్టిగా పరుగెత్తే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట కారుస్తుంది.

చెమట ఒంటిని చల్లబరుస్తుందని బడిలో పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకెలోరీల వేడి పోతుంది. 500 కిలోల గుర్రం ఒంటి వేడి ఒక డిగ్రీకి పైగా దిగడానికి అది చాలు. అదే లీటరు బొట్లుబొట్లుగా ఇసుకలో కారిపోతే దాదాపు ఏమీ దిగదు.

మన కోస్తాలో బట్టలు ఆరేసేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో పడమటి గాలి కొడుతుంటే తడిపంచె చూస్తుండగానే ఆరిపోతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఆరేస్తే రాత్రిదాకా చెమ్మగానే ఉంటుంది. గుర్రం ఒళ్ళు ఆ పంచె లాంటిదే. మడతపెట్టి ఆరేసిన పంచె మధ్యలో ఆరదు. జీను కిందా, పెళ్ళిగుర్రానికి కప్పే జరీ ముఖమలు కిందా అంతే. గాలి తగలని మూల ఆరేసినా ఆరదు. డీజే పెట్టెల మధ్య, జనం చుట్టుముట్టిన చోట గుర్రం పరిస్థితి అదే. ఇక గాలిలోనే నీరు నిండుగా ఉంటే ఎక్కడ ఆరేసినా ఒకటే.

గుర్రాలు పెంచేవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఫారన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలపండి. 130 లోపైతే భయం లేదు. 150 దాటితే, అందులో తేమ వాటా ఎక్కువైతే జాగ్రత్త పడాలి. 180 దాటితే స్వారీ మాటే ఎత్తకూడదు. ఒంగోలులో 42 డిగ్రీల సెల్సియస్, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అనుకుందాం: 108, 25 కలిపితే 133. మైపాడు తీరంలో 33 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న సాయంత్రం: 91, 80 కలిపితే 171. చల్లబడింది కదా అని పిల్లల్ని ఎక్కించే వేళే గుర్రానికి చెమట ఆరని వేళ. అలాగని మధ్యాహ్నం తిప్పమని కాదు. గాలి చర్మం కంటే వేడిగా ఉంటే ఆ వేడి ఒంట్లోకే వస్తుంది, పైన ఎండ ఉండనే ఉంది.

"మా ఎద్దులు ఎండలో దున్నడం లేదా?" అంటారు. ఒంగోలు జాతి వేడికి అలవాటుపడ్డ జాతి. ఒంట్లో వేడి పుట్టడమే తక్కువ. వేడి దేశమైన బ్రెజిల్ ఏరికోరి తీసుకెళ్ళి 'నెలోర్' అని పిలుచుకుంటున్నది ఆ పశువులనే. దాని ఓర్పును గుర్రం నుంచి ఆశించడం అన్యాయం.

ఇప్పుడు ఉప్పు సంగతి. మన చెమట చర్మం పైకి వచ్చేలోపు స్వేద నాళం అందులోని ఉప్పును చాలావరకు వెనక్కి పీల్చుకుంటుంది. నీరు ఎక్కువ పోయి, రక్తం చిక్కబడి ఉప్పెక్కుతుంది. మెదడు అది కనిపెట్టి దాహం వేయిస్తుంది. గుర్రం చెమట రక్తమంత ఉప్పగా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉప్పగా ఉంటుంది. లీటరుకు సుమారు 10 గ్రాముల లవణాలు పోతాయి. నీరూ ఉప్పూ కలిసే పోవడంతో రక్తంలో ఉప్పు గాఢత పెరగదు, మెదడుకు కబురు అందదు. ఒళ్ళు ఎండిపోతున్నా దాహం వేయదు! "నీళ్ళు పెట్టాం, తాగలేదు, దానికి అక్కర్లేదు" అనే మాట వింటే నాకు గుండె తరుక్కుపోతుంది. ముందు లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు ఇచ్చి, తరవాత మంచినీళ్ళు పెడితే గుర్రాలు ఎక్కువ తాగుతాయని ప్రయోగాల్లో తేలింది. బలవంతంగా గొంతులో పోయకూడదు. మామూలు రోజుల్లో కూడా దాణాలో 25 గ్రాముల ఉప్పు పడాలి.

వేడి మీదున్న గుర్రానికి చన్నీళ్ళు పోస్తే కాళ్ళు పట్టేస్తాయనీ, చల్లారేదాకా తాగనివ్వకూడదనీ ఒక నమ్మకం. ఇలాంటి భయం చాలా దేశాల్లో ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు ఆ ఉక్కలో గుర్రాలు తట్టుకోగలవా అని శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. చన్నీళ్ళ వల్ల హాని లేదనీ, వేడి తొందరగా దిగుతుందనీ తేలింది. మెడ, పక్కలు, పిరుదులు అంతటా పోస్తూనే ఉండాలి. తడిగుడ్డ కప్పి వదిలేయకూడదు.

నురగ కంటే భయపడాల్సింది అసలు చెమటే పట్టని గుర్రాన్ని చూసి. తేమ, వేడి రెండూ ఎక్కువున్న చోట కొన్ని గుర్రాల స్వేద గ్రంథులు అడ్రినలిన్ పిలుపుకు పలకడం మానేస్తాయి. తోటి గుర్రం తడిసి ముద్దవుతుంటే ఇది పొడి ఒంటితో రొప్పుతుంటుంది. నమ్మకంగా నయంచేసే మందు లేదు. నీడ, గాలి, విశ్రాంతి, వీలైతే చల్లని ప్రాంతానికి మార్చడం, అంతే.

లాడాలు, జీను పుండ్లు, పళ్ళ అరుగుదల గురించి పశువైద్యుణ్ణి అడగండి. చట్టం మాత్రం చెప్పి తీరాలి. బండి లాగే, బరువు మోసే జంతువులకు 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం రోజుకు 9 గంటలు, ఏకబిగిన 5 గంటలు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు చేయించకూడదు. స్వారీ గుర్రానికీ కనీసం ఆ పాటి దయ చూపాలి.

తీరంలో పిల్లల్ని ఎక్కించే ముందు గుర్రపతన్ని అడిగి, దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు ఆనించి నాడి చూడండి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. పావుగంట నిలబెట్టినా 64 కిందికి దిగలేదంటే, దూరపు పందేల్లో పశువైద్యులు ఆ గుర్రాన్ని ముందుకు పోనివ్వరు.