గుడ్డులోకి దిగిన టెన్షన్

మార్కెట్లో చేప కోయించేటప్పుడు కడుపులో జన కనబడితే మా ఇంట్లో ఆ రోజు పండగే. దాన్ని విడిగా తీసి వేపుడు చేస్తారు. ఆ పసుపు ముద్దలో ఒక్కో గుడ్డుకీ తల్లి పచ్చసొనతో పాటు తను పడ్డ టెన్షన్‌ని కూడా కాస్త కలిపి పెడుతుందని నాకు చాలా కాలం తెలియదు.

టెన్షన్ అని మాటవరసకి అనలేదు. కార్టిసాల్ అనే హార్మోన్ గురించి చెబుతున్నాను. పరీక్ష హాల్లో మన ఒంట్లో ఊరేదీ, వల పడగానే చేప ఒంట్లో ఊరేదీ ఒకటే అణువు. మనకి మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. చేపకి అలా విడిగా గ్రంథి లేదు. మూత్రపిండంలో తల వైపున్న భాగంలో ఆ పని చేసే కణాలు సర్దుకుని ఉంటాయి. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ అనే గ్రంథికి కబురు పెడుతుంది, పిట్యూటరీ రక్తం ద్వారా ఈ కణాలకి అందిస్తుంది, కణాలు కార్టిసాల్ వదులుతాయి. నిమిషాల్లో పెరిగి, ప్రమాదం తప్పితే కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఎలా దిగుతుందంటే, ఆ కార్టిసాలే మెదడు దాకా వెళ్లి ‘ఇక చాలు’ అంటుంది. ఆ మాట మెదడుకి ఎంత గట్టిగా వినబడుతుందన్నది చాలావరకు పసితనంలోనే ఖాయమవుతుంది.

ఈ సంగతి తేల్చడానికి ఎక్కువగా పనికొచ్చింది జీబ్రాఫిష్. పిల్లల గోల పడలేక బీచ్ రోడ్ నుంచి ఇంటికొస్తూ ఆరు కొన్నాను, అదే చారల చేప. మన ఉపఖండపు వాగుల్లో, వరి మళ్లలో పుట్టిన ఈ వేలెడు ప్రాణిని అమెరికాలోని ఒరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలకి అలవాటు చేశాడు. దీని గుడ్డు అద్దంలా ఉంటుంది, పిండం తల్లి ఒంటి బయటే పెరుగుతుంది. పైగా తల్లి పెంపకం అన్న మాటే లేదు. గుడ్లు వదిలి వెళ్లిపోతుంది, ఆకలేస్తే వాటినే తినేస్తుంది కూడా! ఎలుకలోనో మనిషిలోనో గర్భం ప్రభావం ఎంత, పెంపకం ప్రభావం ఎంత అని విడదీయడం కష్టం. ఇక్కడ ఆ చిక్కు లేదు.

పిల్ల రెండు మూడు రోజుల్లో గుడ్డు చీల్చుకుని వస్తుంది. బెదిరిస్తే సొంతంగా కార్టిసాల్ పెంచుకోవడం ఇంచుమించు నాలుగో రోజుకి గానీ రాదు. అందాకా దాని ఒంట్లో ఉన్నది ఎక్కువగా తల్లి ఇచ్చిన సొమ్మే. 2016లో కెనడా పరిశోధకులు అప్పుడే పడ్డ గుడ్డులోకి అదనంగా కార్టిసాల్ ఎక్కించి చూశారు. ఆ పిల్లల్ని తర్వాత బెదిరిస్తే కార్టిసాల్ సరిగా పెరగలేదు. మరికొన్ని గుడ్లలో తల్లి కార్టిసాల్‌ని కట్టిపడేశారు. ఆ పిల్లలు చిన్నదానికే అదిరిపడ్డాయి. అదే ఏడాది అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి ఇంకో ఫలితం వచ్చింది. మొదటి ఐదు రోజులు కార్టిసాల్ కలిపిన నీళ్లలో పెరిగిన చేపల్లో, ఆ తర్వాత మామూలు నీళ్లలోనే ఉన్నా, పెద్దయ్యాక కూడా కార్టిసాల్ మట్టం ఎక్కువగానే ఉంది. రోగనిరోధక జన్యువులు దారి తప్పాయి, కత్తిరించిన తోక సరిగా మొలవలేదు.

ఒకచోట మొద్దుబారింది, ఇంకోచోట ఎప్పుడూ ఎక్కువే. పొంతన లేనట్టుంది కదా? నాకైతే అలా అనిపించదు. రోజంతా హై స్పీడ్‌లో తిరిగే ఫ్యానుకి ఇంకా పెంచడానికి ఏముంటుంది? అయితే మోతాదు, ఏ రోజున తగిలిందన్నది, రెండూ ఫలితాన్ని మార్చేస్తాయి. అందుకే ‘స్ట్రెస్ తగిలితే పిల్ల బలహీనం’ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లని నేను నమ్మను.

తల్లి కూడా ఉన్నదంతా గుడ్డులో పోసేయదు. గుడ్డు చుట్టూ ఉండే కణాల్లో ఒక ఎంజైమ్ కార్టిసాల్‌ని పనిచేయని కార్టిసోన్‌గా మార్చి చాలావరకు వడగడుతుంది. అది దాటి వెళ్లేది కొంచెమే. ఆ కొంచెం పిల్లకి మేలు చేస్తుందా?

స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప మీద అమెరికాలో చేసిన పరిశోధనలు ఇక్కడ భలే మెలిక పెట్టాయి. వేటాడే చేపని చూసి బెదిరిన తల్లుల గుడ్లలో కార్టిసాల్ ఎక్కువుంది. వాటి పిల్లలు ఒకదానికొకటి మరింత దగ్గరగా గుంపు కట్టాయి. తల్లి ముందే హెచ్చరించి పంపిందని మురిసిపోతాం. కానీ అలాంటి తల్లుల పిల్లల్నే పైక్ అనే వేట చేప ఎదట వదిలితే, మిగతావాటికంటే త్వరగా దాని నోట పడ్డాయి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు లంగరేసుకుని ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో తల్లి చేప వలకి చిక్కకూడదని ఆ నిషేధం. లెక్క ప్రాణాలదే, హార్మోన్లది కాదు. చేప పిల్లల్ని పుట్టించే హేచరీలో మాత్రం సరిగ్గా గుడ్లు పెట్టబోయే ముందే తల్లిని వలతో పట్టి, చేత్తో ఎత్తి, గుడ్లు పెట్టించే సూది వేస్తారు. అక్కడ తల్లిని ఎంత నెమ్మదిగా పట్టుకున్నారన్నది కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

నా ఆరు చేపలూ లైటు వేస్తే చాలు, మొక్కల వెనక దాక్కుంటాయి. షాపు కుర్రాడితో చెప్పాను.

“ఈ బ్యాచ్ అంతే సార్, పిరికివి. పోయిన బ్యాచ్ చేతి మీదకి వచ్చేసేవండి.”

వీటి తల్లులు ఎక్కడివని అడిగితే నవ్వాడు. “మాకు చెన్నై నుంచి కవర్లలో వస్తాయండి.”