సెయింట్ లూయిస్ పాత కోర్టు: మెట్ల మీద వేలం, లోపల విడుదల

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో గేట్‌వే ఆర్చ్ అనే భారీ స్మారక తోరణం కింద నిలబడి పడమటికి తిరిగితే సూటిగా ఒక గుమ్మటం కనిపిస్తుంది. ఒకప్పటి కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు అది. మరమ్మతులు ముగించుకుని 2025 మేలో మళ్లీ తలుపులు తెరిచింది. ఆర్చ్ ఎక్కి దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ గానీ, చూడాల్సింది నిజానికి దీన్నే.

1816లో ఒగస్ట్ షూటో, జడ్జి లూకస్ ఈ స్థలాన్ని దానమిచ్చారు. ఇక్కడ ఎప్పటికీ కౌంటీ కోర్టే ఉండాలని షరతు. 1828 నాటి ఇటుక కోర్టు చాలక 1839లో పెద్ద భవనం మొదలుపెట్టారు. ఇనుప గుమ్మటం పూర్తయ్యేసరికి 1862 వచ్చింది.

ఈలోపే భవనానికి పేరు తెచ్చిన కేసు నడిచింది. 1846లో డ్రెడ్ స్కాట్, భార్య హ్యారియట్ తమకు బానిసత్వం నుంచి విముక్తి కావాలని దావా వేశారు. యజమాని అయిన సైనిక వైద్యుడి వెంట స్కాట్, బానిసత్వం నిషిద్ధమైన ఇల్లినాయ్‌లోనూ విస్కాన్సిన్ ప్రాంతంలోనూ ఏళ్ల తరబడి ఉన్నాడు. అలాంటివాళ్లను మిస్సోరి కోర్టులు అప్పటికే చాలాసార్లు విడుదల చేశాయి. గెలవాల్సిన కేసే. కానీ 1847లో సాక్షి దగ్గర బెడిసికొట్టింది. ఆ దంపతుల్ని, ఆ వైద్యుడి వితంతువైన యజమానురాలి దగ్గర్నుంచి పనికి కుదుర్చుకున్నది తాను కాదని, తన భార్య అని అతను చెప్పాడు. చెప్పుడు మాట సాక్ష్యం కాదన్నారు, వాళ్లు ఆమె దగ్గర బానిసలుగా ఉన్నారన్నదే రుజువు కాక కేసు పోయింది. 1850లో మళ్లీ విచారణ జరిగితే, అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ స్కాట్ స్వతంత్రుడేనని తేల్చింది.

ఆ తీర్పును 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1857 మార్చి 6న అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో, నల్లజాతివాళ్లు అసలు పౌరులే కారనేసింది. చివరికి స్కాట్ మొదటి యజమాని కొడుకు టేలర్ బ్లో అదే ఏడాది మే 26న ఇదే కోర్టులో కాగితాలు రాసి కుటుంబాన్ని విడిపించాడు. ఏడాదిన్నర తిరక్కముందే స్కాట్ క్షయతో పోయాడు.

ఇదే కోర్టు మెట్ల మీద, చనిపోయిన యజమానుల ఆస్తి పంపకాల కోసం, అప్పుల వసూలు కోసం బానిసల్ని వేలం వేసేవారు. లోపల విడుదల, బయట అమ్మకం, రెండూ చట్టబద్ధమే.

1876లో నగరం, కౌంటీ వేరుపడాలని ఓటర్లు తీర్పిచ్చారు. భవనం నగరానికి మిగిలింది, కౌంటీ తన కేంద్రాన్ని క్లేటన్‌కు మార్చుకుంది. 1930లో నగర కోర్టులు కూడా కొత్త భవనానికి వెళ్లిపోయాయి. షరతు తప్పారు కాబట్టి స్థలం తమకిచ్చేయాలని దాతల వారసులు దావా వేశారు గానీ వాళ్లకు దక్కలేదు. 1940లో అది కేంద్ర ప్రభుత్వ స్మారక స్థలంలో కలిసిపోయింది.