నర్సు చదువులోకి సంస్కృతి ఎలా వచ్చింది

న్యూజిలాండ్‌లో ఉద్యోగానికి వెళ్లే విదేశీ నర్సులు అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలంటే, నర్సింగ్ పరీక్షలతో పాటు ‘సాంస్కృతిక భద్రత’ పాఠం కూడా పూర్తి చేయాలి. 2023 చివరి నుంచి ఇదీ పద్ధతి. కొత్త దేశపు మర్యాదలేవో నేర్పుతారనుకుని ఈ పాఠాన్ని తేలిగ్గా తీసుకుంటే దాని అసలు సంగతి అందదు.

1840లో న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పెద్దలు బ్రిటిష్ వాళ్లతో వైటాంగి ఒప్పందం చేసుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో మావోరీల భూముల్లో చాలా భాగం చేజారిపోయింది. 1907లో వాళ్ల సంప్రదాయ వైద్యులను అణచడానికే ఒక చట్టం తెచ్చారు. అది 1962 దాకా రద్దు కాలేదు. ఆసుపత్రుల పద్ధతులు కూడా వాళ్లను అడిగి పెట్టినవి కావు. మావోరీలకు తల పవిత్రమైనది. తల కింది దిండును కాళ్లకు ఎత్తుగా వాడరు. కాన్పయ్యాక మాయను తమ నేలలో పూడ్చుకుంటారు. ఆసుపత్రిలో మాత్రం అది చెత్తతో పాటు పోయేది. మాయను పూడ్చే ఇళ్లు మన పల్లెల్లోనూ ఉన్నాయి కాబట్టి, ఆ తల్లుల బాధ మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1973 నుంచి అక్కడ నర్సు శిక్షణ ఆసుపత్రుల నుంచి పాలిటెక్నిక్‌లకు మారుతూ వచ్చింది. 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఓ మావోరీ విద్యార్థిని లేచింది. చట్టం ప్రకారం భద్రత, నీతి ప్రకారం భద్రత అని అన్నీ చెబుతున్నారు, మరి మా సంస్కృతికి భద్రత ఏదని అడిగింది. ఆ ప్రశ్నను పట్టుకుని పాఠ్యాంశంగా మలిచిన మనిషి మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్.

రోగుల ఆచారాలను జాబితా రాసుకుని బట్టీ పట్టమని ఆమె చెప్పలేదు. ఆమె పద్ధతిలో నర్సు ముందు తన్ను తాను చూసుకోవాలి. తనకు ఎవరంటే చిన్నచూపు ఉంది? మంచం మీద ఉన్న మనిషి ముందు తన చేతిలో ఎంత అధికారం ఉంది? అందిన సేవ భద్రంగా ఉందో లేదో తేల్చి చెప్పాల్సింది నర్సు కాదు, దాన్ని అందుకున్న మనిషి. నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఈ చివరి మాటలోనే ఉంది.

1992లో నర్సింగ్ కౌన్సిల్ దీన్ని శిక్షణలో తప్పనిసరి చేసింది. వెంటనే పత్రికల్లో దుమారం రేగింది. విద్యార్థుల మీద రాజకీయాలు రుద్దుతున్నారన్న ఆరోపణలు 1995లో పార్లమెంటరీ కమిటీ విచారణ దాకా వెళ్లాయి. పాఠం మాత్రం పోలేదు. 1996 మార్గదర్శకాలు వయసు, మతం, వైకల్యం, ఆర్థిక స్థితిని కూడా సంస్కృతిలో భాగంగా లెక్కించాయి. రామ్స్‌డెన్ చనిపోయిన 2003లోనే వచ్చిన చట్టం, డాక్టర్లతో సహా ఆరోగ్య వృత్తులన్నిటికీ సాంస్కృతిక సామర్థ్య ప్రమాణాలు పెట్టమంది.

మన దగ్గర నర్సు డిప్లొమా అయిన జీఎన్‌ఎం చదువులో సోషియాలజీ ఉంది. కులం, కుటుంబం అందులో పాఠాలే. కానీ అవి పరీక్షలో రాసే జవాబులుగా మిగలకూడదు. ఏజెన్సీ ఆసుపత్రిలో పురుడు పోసుకున్న కోయ తల్లిని, నీతో ఆ నర్సమ్మ ఎలా మసలుకుందని ఆమె భాషలోనే అడగాలి. ఆమె చెప్పినదానికి ఆ నర్సు విద్యార్థిని ప్రాక్టికల్స్‌లో మార్కులు ఉండాలి.