పద సమస్యలు: అపోహలు - వాస్తవాలు

భిన్నాల కూడికలు, తీసివేతలు చకచకా చేసే పిల్లలు కూడా అదే లెక్కను మాటల్లో ఇస్తే తెల్లముఖం వేస్తారు. వాళ్ల నోట్‌బుక్కులు దిద్దుతుంటే లెక్క చేసిన తీరు చాలావరకు బాగానే ఉంటుంది. తప్పు మొదటి వరుసలోనే, సమస్యను చదివిన పద్ధతిలోనే దొరుకుతుంది.

అపోహ: ‘ఎక్కువ’ అని ఉంటే కూడాలి.

వాస్తవం: చిన్న తరగతుల్లో ఇది పనిచేస్తుంది, అందుకే అంత గట్టిగా నాటుకుపోతుంది. అన్న దగ్గర చెల్లి కంటే 5 పెన్సిళ్లు ఎక్కువ ఉన్నాయి. అన్న దగ్గర 12 ఉంటే చెల్లి దగ్గర ఎన్ని? ‘ఎక్కువ’ను చూసి 17 అనేస్తారు. జవాబు 7.

అపోహ: సమస్యలో కనిపించిన భిన్నాలన్నిటినీ కలిపేయొచ్చు.

వాస్తవం: నేను దిద్దే తప్పుల్లో పెద్ద వాటా దీనిదే. ఒకమ్మాయి పుస్తకంలో మూడో వంతు మొదటి రోజు చదివింది, మిగిలిన దాంట్లో సగం రెండో రోజు చదివింది. ఇంకా 40 పేజీలున్నాయి. మొత్తం ఎన్ని పేజీలు? చాలామంది 1/3, 1/2 కలిపి 5/6 అంటారు. మిగిలిన 1/6 వంతే 40 పేజీలు కాబట్టి 240 అని తేల్చేస్తారు. క.సా.గు. సరిగ్గానే తీశారు, కూడిక కూడా సరైనదే. కానీ దేనిలో సగం? పుస్తకంలో కాదు, మిగిలిన 2/3లో సగం, అంటే 1/3. రెండు మూడో వంతులు పోగా మిగిలిన మూడో వంతే 40 పేజీలు. పుస్తకం 120 పేజీలు.

240ని సమస్యలో పెట్టి చూసినా తప్పు బయటపడేది: మొదటి రోజు 80, మిగిలిన 160లో సగం 80, ఇంకా 80 మిగలాలి. అర నిమిషం పని, అయినా ఎవరూ చేయరు! ఇలాంటి వాటికి నేను ఒక పొడవాటి పట్టీ గీసి మూడు గడులు చేయమంటాను. ఎక్స్ అవసరమే రాదు.

అపోహ: ఎక్స్ అంటే వస్తువు లేదా మనిషి.

వాస్తవం: అదొక సంఖ్య. ‘ఒక్కో టీచరుకు ఆరుగురు విద్యార్థులు’ అంటే 6వ = ట అని రాసేవాళ్లు పెద్ద తరగతుల్లోనూ ఉంటారు. ‘వ’ విద్యార్థుల సంఖ్య, ‘ట’ టీచర్ల సంఖ్య అనుకుంటే వ = 6ట. టీచర్లు 10 మంది అనుకుని చూడండి, తెలిసిపోతుంది.

అపోహ: సమీకరణంలో సంఖ్య ‘=’కు అటు పక్కకు వెళ్తే గుర్తు మారుతుంది.

వాస్తవం: ఇది బట్టీ పట్టినవాళ్లే 3క = 12 చూసి క = 12 − 3 అని రాస్తారు. నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు, రెండు వైపులా ఒకే పని చేస్తాం. రెండింటినీ 3తో భాగిస్తే క = 4.

అపోహ: భాగిస్తే తగ్గాలి.

వాస్తవం: 6 మీటర్ల తాడును ముప్పావు మీటరు ముక్కలుగా కోస్తే 8 ముక్కలొస్తాయి.

అపోహ: ఏదో ఒక సంఖ్య అనుకుని మొదలుపెట్టడం లెక్క కాదు.

వాస్తవం: 3,500 ఏళ్ల కిందటే ఈజిప్టులో ఇలా చేశారు. ఆహ్మెస్ అనే లేఖకుడు నకలు రాసిన పపైరస్‌లో ఒక సమస్య ఉంది: ఒక రాశికి దాని ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? ముందు 7 అనుకుంటారు. దానికి ఏడో వంతు కలిపితే 8. కావలసింది 19 కనుక 7ను 19/8తో గుణిస్తే 133/8. సమీకరణంతో చేసినా ఇదే జవాబు. అయితే సమస్యలో రాశి, దాని వంతులు మాత్రమే ఉన్నప్పుడే ఈ ఉపాయం నేరుగా పారుతుంది. ‘ఇంకో 5 కలిపితే’ అని మధ్యలో వచ్చిందా, సమీకరణం రాసుకోవడమే సుఖం.